వేడి వేడి టీ – మా గ్రూపు నేర్చుకున్న లెక్క

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రూపు లీడరు చేసిన ప్రసంగం)



పోయినసారి మహాసభలో మాట్లాడిన అక్కలు గేదెల లోను గురించి, కుట్టు మిషన్ల గురించి, బ్యాంకు లింకేజీ గురించి చాలా చక్కగా చెప్పారు. ఈ ఏడాది మీ గ్రూపులో జరిగిన ఒక పని గురించి చెప్పండి అని మమ్మల్ని అడిగారు. మేమందరం కూర్చుని ఆలోచించుకుని, టీ గురించి చెబుదామని అనుకున్నాము. మీరు నవ్వుతున్నారు. మేమూ మొదట నవ్వుకున్నాం. కానీ ఈ ఏడాది మా గ్రూపు విడిపోబోయింది టీ దగ్గరే, మళ్ళీ కలిసింది కూడా టీ దగ్గరే. అందుకని మంచి టీ ఎలా పెట్టుకోవాలో చెప్పి, దానితోపాటు మా సంగతి కూడా చెబుతాము.

మా గ్రూపులో పదకొండు మందిమి ఉన్నాం. వీఓఏతో కలిపితే పన్నెండు. నెలకు రెండు మీటింగులు పెట్టుకుంటాం. ఇదివరకు మీటింగుకి టీ కొట్టు నుంచి తెప్పించేవాళ్ళం. ఎవరో ఒకరి పిల్లవాడు సైకిలు మీద వెళ్ళి, ప్లాస్టిక్ కవరులో పార్సిల్ కట్టించుకుని వచ్చేవాడు. మరిగే టీని పల్చటి కవరులో పోసి దారం చుట్టి ఇస్తారు, మీ అందరికీ తెలిసిందే. అది వచ్చేసరికి సగం చల్లారిపోయేది, కవరు వాసన వేసేది. పన్నెండు టీలకు టీ పది రూపాయల చొప్పున నూట ఇరవై రూపాయలు. ఆ డబ్బులు గ్రూపు ఖర్చులో రాసేవాళ్ళం.

ఒక మీటింగులో పుస్తకం రాస్తుంటే నెలకు 240 రూపాయలు టీకే పోతున్నాయని తేలింది. ఏడాదికి 2,880 రూపాయలు. ఇంట్లో పొయ్యి ఉంది, గిన్నె ఉంది, గేదె ఉన్నవాళ్ళకు పాలు కూడా ఉన్నాయి. మరి ఆ డబ్బు బయట ఎందుకు పోయాలి అని ఒక అక్క అడిగింది. అప్పుడే తీర్మానం చేసుకున్నాం. మీటింగు ఒక్కొక్కసారి ఒక్కొక్కరి ఇంట్లో పెట్టాలి, ఆ ఇంటివాళ్ళే టీ పెట్టాలి, అయిన ఖర్చు గ్రూపు ఇవ్వాలి. వంతు మాత్రం పొదుపు పుస్తకంలో పేర్ల వరుస ప్రకారమే.

మొదటి నాలుగు వంతుల్లో నాలుగు రకాల టీ తాగాం. ఒక ఇంట్లో పాయసం లాగా పంచదార. ఒక ఇంట్లో టీ పొడి మరిగి మరిగి కషాయం అయింది, తాగాక నాలుక మొద్దుబారిపోయింది. ఒక ఇంట్లో పాలు మిగుల్చుకుందామని నీళ్ళు ఎక్కువ పోశారు. నాలుగో ఇంట్లో టీ విరిగిపోయింది. ఆ అక్క పాలు మంచివే, పొద్దున పిండిన పాలే. కానీ ముందురోజు చింతపండు పులుసు కాచిన గిన్నెను పైపైన కడిగి అందులోనే టీ పెట్టింది. ఆ అక్క పాపం ఏడ్చినంత పని చేసింది.

అప్పుడు మాకు అర్థమైంది ఏమిటంటే, మనం పెళ్ళయిన నాటి నుంచీ రోజూ టీ పెడుతున్నామే గానీ ఎవరమూ నేర్చుకుని పెట్టింది లేదు. చేతికి వచ్చినంత వేస్తాం. అత్తగారు ఎలా పెడితే అలా పెడతాం. అందుకని ఒక స్టీలు డబ్బా కొన్నాం. అందులో టీ పొడి, ఒక స్పూను, ఒక గ్లాసు. పుస్తకాల సంచీతో పాటు ఆ డబ్బా కూడా ఎవరి వంతు వస్తే వాళ్ళింటికి పోతుంది. నాలుగైదు సార్లు పెట్టి చూసి కొలత కుదుర్చుకున్నాం. ఆ కొలత చెబుతాము, రాసుకునేవాళ్ళు రాసుకోండి.

పన్నెండు చిన్న గ్లాసులకు ముప్పావు లీటరు నీళ్ళు, ముప్పావు లీటరు పాలు. టీ పొడి ఆరు స్పూన్లు, తలకొట్టి వేయాలి, గుట్టగా కాదు. పంచదార తొమ్మిది స్పూన్లు. బొటనవేలంత అల్లం ముక్క. ఇంట్లో ఇద్దరికే అయితే ఒక గ్లాసు నీళ్ళు, ఒక గ్లాసు పాలు, ఒక స్పూను టీ పొడి, ఒకటిన్నర స్పూను పంచదార చాలు. గేదె పాలు చిక్కగా ఉంటాయి కాబట్టి నీళ్ళు కొంచెం ఎక్కువ పోసినా పరవాలేదు. ప్యాకెట్టు పాలకు మాత్రం సగానికి సగం కంటే నీళ్ళు పెంచకండి.

ముందు నీళ్ళు. మా ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళతో పెడితే టీకి రంగు మసకగా వస్తుంది, పైన తెట్టు కడుతుంది, ఎంత పొడి వేసినా రుచి రాదు. మేము తాగే నీళ్ళతోనే టీ పెడతాం. పొద్దున కాచి వదిలేసిన నీళ్ళు కాకుండా అప్పటికప్పుడు పట్టిన నీళ్ళు పోస్తాం.

నీళ్ళు పొయ్యి మీద పెట్టగానే దంచిన అల్లం అందులో వేయాలి. పాలు పోశాక పచ్చి అల్లం వేస్తే ఒక్కోసారి పాలు విరుగుతాయి. నీళ్ళలో ముందే బాగా మరిగితే ఆ భయం ఉండదు. నీళ్ళు తెర్లుతున్నప్పుడు టీ పొడి వేసి మంట తగ్గించాలి. రెండు మూడు నిమిషాలు చాలు. మనం వాడేది ఎక్కువగా సీటీసీ పొడి. అంటే ఆకును మిషన్లలో నలిపి, చింపి, చిన్న చిన్న గింజల్లా చుట్టిన పొడి. అది త్వరగా దిగుతుంది. పది నిమిషాలు మరిగిస్తే రుచి దిగిపోయి వగరు పైకి వస్తుంది.

తర్వాత పాలు. పాలు ముందే వేరే గిన్నెలో వేడి చేసి ఉంచుకోవాలి. చల్లటి పాలు పోస్తే మరుగు ఆగిపోతుంది, మళ్ళీ అది మరిగేలోపు పొడి నానిపోయి వగరెక్కుతుంది. పాలు పోశాక ఒక పొంగు రానిచ్చి మంట తగ్గించాలి. మళ్ళీ ఒక పొంగు. అలా రెండు పొంగులు చాలు. పంచదార దించే ముందు వేస్తే అడుగు అంటదు. బెల్లం వేసుకునేవాళ్ళు మాత్రం పొయ్యి ఆపేశాకే కలపండి, మరిగేటప్పుడు వేస్తే విరిగిపోయే ప్రమాదం ఉంది. యాలకులు ఉంటే ఒక కాయ దంచి చివర్లో వేసి మూత పెట్టండి.

గ్లాసులు ముందుగా వేడినీళ్ళతో తొలిపి పెట్టుకోండి. చల్లటి స్టీలు గ్లాసులో పోస్తే టీ వేడి సగం గ్లాసే తాగేస్తుంది. వడకట్టగానే ఇవ్వాలి, ఇవ్వగానే తాగాలి. మిగిలిన టీని సాయంత్రం మళ్ళీ కాచకండి. అది చేదెక్కుతుంది, పాలు కలిసిన టీ బయట ఎక్కువసేపు ఉంటే పాడవుతుంది కూడా. అందుకే కొలిచి పెట్టుకోవాలి, మిగలకుండా.

టీ పొడి గురించి ఒక మాట. ఒక వంతుకి సంతలో విడిగా అమ్మే పొడి చవకగా వస్తుందని కొన్నాం. ఒక్క స్పూనుకే గిన్నె ఎర్రగా అయిపోయింది. ఎంత బలమైన పొడో అనుకున్నాం. వాసన మాత్రం లేదు. మా వీఓఏకి ట్రైనింగులో చెప్పిన పరీక్ష చేసి చూశాం. తెల్ల కాగితం మీద, అంటే నీళ్ళు పీల్చే కాగితం మీద, కొంచెం పొడి చల్లి నీళ్ళు చిలకరించాలి. కాసేపయ్యాక పొడి దులిపేసి, కాగితాన్ని నీళ్ళతో కడిగి వెలుతురులో చూడాలి. మంచి పొడికి మరకలు పడవు. రంగు కలిపిన పొడికి ముదురు మరకలు పడతాయి. మా కాగితం మీద మరకలు పడ్డాయి. అయస్కాంతం పెట్టి చూస్తే ఇనప రజను కలిపారా అన్నది కూడా తెలుస్తుంది. ఆ పొడి పారేసి, అప్పటి నుంచి ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, తయారైన తేదీ ఉన్న ప్యాకెట్టే కొంటున్నాం. టీ డబ్బాను ఇంగువ, మసాలా డబ్బాల పక్కన పెట్టకండి. వాసన పట్టేస్తుంది.

ఆ పొడి అస్సాం నుంచో నీలగిరుల నుంచో మన దాకా వస్తుంది. అక్కడి తోటల్లో రెండు ఆకులు, ఒక మొగ్గ చొప్పున తుంచి బుట్టలో వేసేది ఎక్కువగా మనలాంటి ఆడవాళ్ళే. వాళ్ళ చేతి కష్టాన్ని మనం మాడబెట్టి పారేయకూడదు కదా అని మా గ్రూపులో ఒక చెల్లి అంటుంది. ఆ మాట మాకు నచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పడానికి మాకు సిగ్గుగానే ఉంది. అయినా చెప్పాలని అందరం ఒప్పుకునే వచ్చాం.

మా గ్రూపులో అన్ని కులాల వాళ్ళం ఉన్నాం. ఇద్దరు చెల్లెళ్ళు ఎస్సీ కాలనీ వాళ్ళు. పొదుపు పుస్తకంలో అందరి పేర్లూ వరుసగా ఉంటాయి. లోను కాగితం మీద అందరం సంతకాలు పెడతాం. ఒకరు కట్టకపోతే మిగతా పదిమందిమీ బాధ్యులం. కానీ ఇన్నేళ్ళూ మీటింగు మాత్రం మా వీధిలోనే, లీడర్ల అరుగు మీదే జరిగేది. అలా ఎందుకు జరుగుతోందో మాలో ఎవరమూ అడగలేదు. వంతులు పెట్టుకున్నాక ఏడో వంతు కాలనీలో ఒక చెల్లిది వచ్చింది.

ఆ రోజు మీటింగుకి ముగ్గురు రాలేదు. ఒకరు కూలికి వెళ్ళానని, ఒకరు చుట్టాలు వచ్చారని, ఒకరు ఒంట్లో బాగాలేదని కబురు చేశారు. వెళ్ళినవాళ్ళలో కూడా ముగ్గురం టీ తాగలేదు. ఒకరం ఇప్పుడే ఇంట్లో తాగి వచ్చాం అన్నాం, ఒకరం ఉపవాసం అన్నాం, ఒకరం టీ మానేశాం అన్నాం. ఆ చెల్లి డబ్బాలో ఉన్న స్పూనుతోనే కొలిచి, పన్నెండు గ్లాసులకూ పెట్టింది. ఆరు గ్లాసులు తాగాం. ఆరు గ్లాసులు పళ్ళెంలోనే ఉండిపోయాయి. మేము అప్పుల వివరాలు రాసుకుంటూ కూర్చున్నంతసేపూ అవి మా ఎదురుగానే చల్లారిపోయాయి, మీద మీగడ కట్టింది. ఆమె ఏమీ అనలేదు. పళ్ళెం లోపలికి తీసుకుపోయింది.

తర్వాత రెండు నెలలు కాలనీ చెల్లెళ్ళు ఇద్దరూ మీటింగుకి రాలేదు. పొదుపు రాలేదు, లోను కిస్తీ ఆగిపోయింది. పంచసూత్రాల్లో హాజరు, పొదుపు, చెల్లింపు మూడూ దెబ్బతిన్నాయి. మా గ్రూపు ఏ గ్రేడు నుంచి బి గ్రేడుకు పడిపోయింది. సీసీ గారు ఎందుకిలా అయిందని అడిగారు. డబ్బుకి ఇబ్బందై ఉంటుందండీ అని చెప్పాం. నిజంగా అలానే అనుకున్నామో, అలా అనుకోవాలనుకున్నామో మాకే తెలియదు.

లీడర్లం ఇద్దరం, వీఓఏ కలిసి ఆ చెల్లి ఇంటికి వెళ్ళాం. ఆమె లోపలికి వెళ్ళి ఒక డబ్బా తెచ్చి మా ముందు పెట్టింది. అందులో రెండు నెలల పొదుపు, కిస్తీ డబ్బులు లెక్కగా ఉన్నాయి. "డబ్బులకి ఇబ్బంది లేదక్కా. తీసుకుపోండి. నా చేతి డబ్బులు మీరు ముట్టుకుంటారు, నా చేతి గ్లాసు ముట్టుకోరు. అందుకని నేను మీటింగుకి రాను" అంది.

మేము ఆ డబ్బులు తీసుకోలేకపోయాం. తిరిగి వచ్చేశాం.

తర్వాతి మీటింగులో ఇదే చర్చ. కొట్లాట అయింది, దాచడం ఎందుకు. ఇంట్లో అత్తమామలు ఒప్పుకోరని ఒకరన్నాం. నేను తాగితే రేపు మా అమ్మాయి సంబంధం దగ్గర మాట వస్తుందని ఒకరన్నాం. టీ తాగకపోయినంత మాత్రాన తప్పేముంది, అందరం కలిసే ఉన్నాం కదా అని ఒకరన్నాం. అప్పుడు మా రెండో లీడరు అడిగింది. "ఇన్నాళ్ళూ కొట్టు నుంచి తెచ్చిన టీ తాగాం. ఆ గ్లాసులు ఎవరు కడిగారో, ఆ పాలు ఎవరు పితికారో ఎప్పుడైనా అడిగామా?" ఎవరమూ మాట్లాడలేదు. మా నాన్నల కాలంలో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. కాలనీ వాళ్ళ గ్లాసులు వేరుగా, బయట చూరులో ఉండేవి. అది పోయిందని మేము చెప్పుకుంటాం. కానీ మా గ్రూపులో మేము చేసింది కూడా అదే. గ్లాసు వేరుగా పెట్టలేదు, తాగకుండా వదిలేశాం. అంతే తేడా. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణలో రద్దు చేసిందని, అది పాటించడం నేరమని వీఓఏ చదివి చెప్పింది. నేరమని భయపడి కాదు గానీ, ఆ రోజు పళ్ళెంలో ఆరు గ్లాసులు మా అందరికీ కళ్ళ ముందు కనిపించాయి.

మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం. జరిగింది తప్పని రాశాం, సంతకాలు పెట్టాం. అందరం వెళ్ళి ఆ చెల్లెళ్ళు ఇద్దరినీ క్షమించమని అడిగాం. తర్వాతి మీటింగు మళ్ళీ ఆ చెల్లి ఇంట్లోనే పెట్టాలని అనుకున్నాం. ఆమె వెంటనే సరే అనలేదు. ఆలోచించుకుని చెబుతానంది. పదిహేను రోజుల తర్వాత కబురు చేసింది.

అప్పుడే ఇంకొక నియమం పెట్టుకున్నాం. టీ పెట్టిన మనిషే మొదటి గ్లాసు తీసుకోవాలి, మాతో పాటు కూర్చుని తాగాలి. ఎందుకంటే మనలో ఏ ఇంట్లో చూసినా టీ పెట్టిన ఆడమనిషి చివర తాగుతుంది. అత్తగారికి, మామగారికి, ఆయనకి, వచ్చిన వాళ్ళకి అందరికీ ఇచ్చి, గిన్నె అడుగున మిగిలింది చల్లారాక నిలబడి తాగుతుంది. లేదంటే నీళ్ళు పోసి మళ్ళీ మరిగించుకుంటుంది. మాలో ఒక పెద్దమ్మ, పెళ్ళయి ముప్పై ఏళ్ళయింది, ఇంట్లో కూర్చుని వేడి టీ తాగిన రోజు గుర్తు లేదు అంది.

ఆ రోజు డబ్బా ఆ చెల్లి ఇంటికి వెళ్ళింది. అదే స్పూను, అదే కొలత. ఆమె మొదటి గ్లాసు తీసుకుంది, తర్వాత మేము తీసుకున్నాం. మీరు అడగవచ్చు, టీ ఎలా ఉంది అని. మా అందరి ఇళ్ళలో ఉన్నట్టే ఉంది. మా గ్రూపు టీ అది. పదకొండు గ్లాసులు ఖాళీ అయ్యాయి. ఒక పెద్దమ్మ తాగలేదు. ఆమె ఇప్పటికీ తాగదు. కానీ ఇప్పుడు ఉపవాసం అని అబద్ధం చెప్పదు, మీటింగు మానదు. ఆమెను మేము బలవంతం చేయలేదు, అలాగని వంతు మార్చనూ లేదు. పొదుపు, కిస్తీలు మళ్ళీ సరిగ్గా వస్తున్నాయి. ఆరు నెలల్లో మళ్ళీ ఏ గ్రేడుకు వచ్చాం.

ఆరోగ్యం గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాము. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో వందకు 58 మందికి పైగా రక్తం తక్కువగా ఉంది. టీలో ఉండే వగరు పదార్థం తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. అందుకని అన్నం తినగానే టీ తాగకండి. ముందు ఒక గంట, తర్వాత ఒక గంట ఎడం ఉంచండి. ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్రను టీతో మింగవద్దు. మాలో ఇద్దరం అలాగే మింగేవాళ్ళం. చిన్నపిల్లలకు పాలు లేవని టీలో బిస్కెట్టు ముంచి ఇవ్వకండి. రోజుకు రెండు గ్లాసులు మంచిగా, వేడిగా తాగితే చాలు.

ఇక లెక్క. పన్నెండు గ్లాసులకు పాలు 45 రూపాయలు, టీ పొడి 8, పంచదార 2, అల్లం, గ్యాసు 5. మొత్తం 60 రూపాయలు. అంటే గ్లాసు ఐదు రూపాయలు. మీటింగుకి 60 మిగులు, నెలకు 120, ఏడాదికి 1,440 రూపాయలు. ఆ డబ్బుతో పన్నెండు స్టీలు గ్లాసులు కొన్నాం. పన్నెండూ ఒకేలాంటివి. గుర్తులేమీ పెట్టలేదు. అవి కూడా డబ్బాతో పాటే తిరుగుతాయి. మిగిలింది అంతర్గత అప్పులకు కలిపాం.

మండల సమాఖ్య పెద్దలను మేము కోరేది ఒక్కటే. గ్రూపులను చూడటానికి వచ్చినప్పుడు పొదుపు పుస్తకం, అప్పుల పుస్తకం చూస్తారు. మీటింగు ఎవరెవరి ఇళ్ళలో జరిగిందో కూడా దయచేసి అడగండి. కొన్ని ఇళ్ళు ఆ వరుసలో లేకపోతే ఎందుకు లేవో అడగండి. మమ్మల్ని ముందే ఎవరైనా అలా అడిగి ఉంటే ఆ చెల్లికి ఆ రెండు నెలలు తప్పేవి.

అక్కలారా, చెల్లెళ్ళారా, రేపు పొద్దున మీరు టీ పెట్టినప్పుడు మొదటి గ్లాసు మీరు తీసుకోండి. వేడిగా తాగండి.